ఈ టీ-34 ఏ ఫ్యాక్టరీది? యుద్ధకాలపు సోవియట్ ట్యాంకుల గుర్తింపుపై ఒక సమీక్ష

రెండో ప్రపంచయుద్ధం మీద వచ్చిన ఏ సచిత్ర గ్రంథం తెరిచినా టీ-34 ట్యాంకు బొమ్మ కనిపిస్తుంది. కింద 'టీ-34, 1942 నమూనా' అని రాసి ఉంటుంది. ఆ మాట చాలాసార్లు సగమే నిజం. 1942లో సోవియట్ యూనియన్ ఆ ట్యాంకును ఆరు ఊళ్లలో తయారుచేసింది: నిజ్నీ తగీల్, స్టాలిన్‌గ్రాడ్, గోర్కీ, చెల్యాబిన్‌స్క్, స్వెర్డ్‌లోవ్‌స్క్, ఓమ్‌స్క్. ఆరుచోట్లా మూల డ్రాయింగులు ఒకటే, ఇంజనూ ఫిరంగీ కూడా దాదాపు ఒకటే. అయినా ఒక ఊరి ట్యాంకు మరో ఊరి ట్యాంకులా ఉండేది కాదు. ఒక ఊళ్లో టరెట్‌ను (ట్యాంకు మీద తిరిగే గుమ్మటాన్ని) పోత పోశారు, ఇంకో ఊళ్లో పలకలు అతికారు, మరో ఊళ్లో భారీ ప్రెస్సు కింద పెట్టి ఒకే పలకను ఒత్తి తీశారు. ఫొటోలో కనిపించే ట్యాంకు ఎప్పటిదో చెప్పాలంటే ముందు అది ఎక్కడిదో తెలియాలి.

ఈ గుర్తింపు విద్య గత ముప్పై, నలభై ఏళ్లలో బాగా ఎదిగింది. ఇప్పటిదాకా స్థిరపడినదేమిటి, ఇంకా తేలనిదేమిటి, ఎక్కడ తప్పటడుగులు పడుతున్నాయి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. టీ-34ను ఏడాది పేరుతో కాక ఫ్యాక్టరీ పేరుతో చదవాలనీ, ఆ ఫ్యాక్టరీని కూడా ఏదో ఒక్క గుర్తు చూసి కాక నాలుగైదు గుర్తులు కలిపి చూసి నిర్ణయించాలనీ నా అభిప్రాయం. ఆ గుర్తుల్లో ప్రతిదీ ఒక కొరతకో, ఒక వనరుకో సాక్ష్యం. కాబట్టి ఇది బొమ్మల ట్యాంకులు చేసే అభిరుచిపరులకే పరిమితమైన విషయం కాదు, యుద్ధకాల పారిశ్రామిక చరిత్రకు ముడిసరుకు.

ఫ్యాక్టరీల వలస

టీ-34 పుట్టిల్లు ఉక్రెయిన్‌లోని ఖార్కోవ్. అక్కడి రైలింజన్ల ఫ్యాక్టరీ, అంటే 183వ నంబరు కర్మాగారం, మిఖాయిల్ కోష్కిన్ నాయకత్వంలో దీన్ని రూపొందించింది. 1940 మార్చిలో రెండు నమూనా ట్యాంకులు సొంత చక్రాల మీదే మాస్కో దాకా నడిచివెళ్లాయి. ఆ ప్రయాణంలో జబ్బుపడిన కోష్కిన్ అదే ఏడాది సెప్టెంబరులో న్యుమోనియాతో కన్నుమూశాడు. బాధ్యత అలెగ్జాండర్ మొరొజోవ్ చేతికి వచ్చింది. స్టాలిన్‌గ్రాడ్ ట్రాక్టర్ ఫ్యాక్టరీకి కూడా యుద్ధానికి ముందే ఈ పని అప్పగించారు.

1941 జూన్ 22న జర్మనీ దాడి చేసింది. జూలై నుంచి నవంబరు లోపల పదిహేను వందలకు పైగా పెద్ద పరిశ్రమలు తూర్పుకు తరలిపోయాయి. అక్టోబరులో ఖార్కోవ్ ఫ్యాక్టరీ యంత్రాలు, డ్రాయింగులు, మనుషులతో సహా ఉరల్ కొండల్లోని నిజ్నీ తగీల్‌కు చేరి అక్కడి రైలుపెట్టెల కర్మాగారంలో కలిసింది. డిసెంబరులో, వెంట తెచ్చుకున్న విడిభాగాలతో మొదటి పాతిక ట్యాంకులు బిగించారు. ఖార్కోవ్ మూతపడి నిజ్నీ తగీల్ కుదుటపడేదాకా భారం ప్రధానంగా స్టాలిన్‌గ్రాడ్ మీద పడింది. వోల్గా ఒడ్డున గోర్కీ నగరంలో ఓడలు కట్టే 'క్రాస్నోయే సోర్మొవో', అంటే 112వ నంబరు ఫ్యాక్టరీ, 1941 చివరికి టీ-34లు తీయడం మొదలుపెట్టింది. 1942 వేసవి దాటేసరికి చెల్యాబిన్‌స్క్, స్వెర్డ్‌లోవ్‌స్క్‌లోని ఉరల్‌మాష్, లెనిన్‌గ్రాడ్ నుంచి తరలివచ్చి ఓమ్‌స్క్‌లో స్థిరపడిన 174వ నంబరు ఫ్యాక్టరీ తోడయ్యాయి. అదే ఏడాది ఆగస్టు 23న జర్మన్ దళాలు స్టాలిన్‌గ్రాడ్ ఉత్తరాన వోల్గాను చేరాక ట్రాక్టర్ ఫ్యాక్టరీయే యుద్ధరంగమైంది.

యుద్ధం ముగిసేసరికి టీ-34లు అన్ని రకాలూ కలిపి దాదాపు 57 వేలు తయారయ్యాయి. వాటిలో సగం వరకు నిజ్నీ తగీల్‌వే. చెల్యాబిన్‌స్క్ ఐదు వేల దాకా చేసింది. ఉరల్‌మాష్ ఏడు వందల పైచిలుకు పూర్తి ట్యాంకులు చేశాక స్వయంచాలిత ఫిరంగుల వైపు మళ్లింది. ఈ అంకెలు గుర్తింపుకూ పనికొస్తాయి. ఏ ఆనవాలూ లేని 1943 నాటి ట్యాంకు నిజ్నీ తగీల్‌ది కావడానికే అవకాశం ఎక్కువ. అయితే ఆ అవకాశాన్ని రుజువుగా చెప్పుకోకూడదు.

తేడాలు ఎందుకు వచ్చాయి

యుద్ధకాలపు ఉత్పత్తిలో మార్పు అనగానే డిజైన్ మెరుగుపడిందనుకుంటాం. టీ-34 విషయంలో 1941, 42 నాటి మార్పుల్లో ఎక్కువ భాగం లేనిదాన్ని సర్దుకోవడానికి చేసినవే. నికోపోల్ మాంగనీసు గనులు 1941 ఆగస్టులో శత్రువు చేతికి పోయాయి. కవచపు ఉక్కు పలకలు, పోత టరెట్లు సరఫరా చేసిన మరియుపోల్ ఫ్యాక్టరీ అక్టోబరులో పోయింది. రబ్బరు కరువైంది. వీ-2 డీజిల్ ఇంజన్లు చేసే ఖార్కోవ్ ఫ్యాక్టరీ కూడా చెల్యాబిన్‌స్క్‌కు వలసపోవడంతో ఇంజన్లకు కటకట వచ్చింది. గోర్కీలో తొలి ట్యాంకులకు విమానాల కోసం చేసిన ఎం-17 పెట్రోలు ఇంజన్లు బిగించాల్సి వచ్చింది.

మూల డ్రాయింగుల మీద పెత్తనం నిజ్నీ తగీల్ డిజైన్ కార్యాలయానిదే. అయినా ఏ పలక ఎలా కోయాలి, ఏ మూసలో పోయాలి, ఏ కొక్కెం ఎక్కడ అతకాలి అన్న నిర్ణయాలు ఆయా ఫ్యాక్టరీల్లో ఉన్న యంత్రాలను బట్టి జరిగాయి. పని ఆగకూడదు, నాణ్యత మరీ దిగజారకూడదు అన్న రెండు షరతుల మధ్య ఒక్కో ఫ్యాక్టరీ ఒక్కో దారి వెతుక్కుంది. అందుకే తేడాలన్నీ ఒకే వరుసలో ముందుకు సాగే మెట్లు కావు. ఒకే నెలలో ఒక ఫ్యాక్టరీ కొత్త టరెట్ వాడుతుంటే ఇంకోటి పాతదే పోస్తోంది. ఏడాది పేరుతో చేసిన విభజన ఇక్కడే దెబ్బతింటుంది.

టరెట్: మొదట చూడాల్సింది

1940, 41 నాటి టరెట్ ఇరుకైనది. పైకి తెరుచుకునే పెద్ద మూత ఒక్కటే ఉండేది. దీన్ని రష్యన్ పరిశోధకులు 'పిరోజోక్' అనే వంటకం పేరుతో పిలుస్తారు. అప్పట్లోనే ఇది రెండు రకాలుగా వచ్చింది: చుట్టిన ఉక్కు పలకలను వంచి అతికినది, ఒకే ముద్దగా పోత పోసినది. పలకల టరెట్ మూలల్లో వెల్డింగ్ గీతలు తేటగా కనిపిస్తాయి. పోత టరెట్ ఉపరితలం గరుకుగా ఉంటుంది, మూస రెండు సగాలు కలిసినచోట సన్నటి గట్టు మిగిలి ఉంటుంది. ఈ రెంటినీ విడదీయడం గుర్తింపులో మొదటి పాఠం.

1942లో ఆరు కోణాల కొత్త టరెట్ వచ్చింది. నట్టు ఆకారం వల్ల దానికి 'గైకా' అన్న పేరు పడింది. పైన రెండు గుండ్రటి మూతలుంటాయి. లోపల చోటు పెరిగింది, పోత పోయడం తేలికైంది. 1941 అని చెప్పే ఫొటోలో ఈ టరెట్ కనిపిస్తే ఆ తేదీ తప్పని నిస్సంకోచంగా చెప్పవచ్చు. కానీ దాని తిరగేత చెల్లదు. పాత టరెట్ కనిపించినంత మాత్రాన అది 1941 నాటిది కాదు, ఎందుకంటే గోర్కీ ఫ్యాక్టరీ పాత పోత టరెట్‌నే మిగతావాళ్ల కంటే చాలా ఆలస్యంగా వదిలిపెట్టింది. పుస్తకాల్లో '1941 నమూనా' అని పడిన గోర్కీ ట్యాంకుల్లో కొన్ని నిజానికి మరుసటి ఏడాది చేసినవి.

ఆరు కోణాల టరెట్లన్నీ కూడా ఒకటి కావు. కొన్నింటి అంచులు పదునుగా, కొన్నింటివి మెత్తగా గుండ్రం తిరిగి ఉంటాయి. ఫౌండ్రీలో మూసను ఎన్ని ముక్కలుగా కట్టారన్న దాన్ని బట్టి పోత గట్టు ఎక్కడ పడుతుందో మారుతుంది. వీటన్నిటిలో తేలిగ్గా తెలిసేది ఉరల్‌మాష్ ప్రెస్సు టరెట్. పోత టరెట్లకు ఫౌండ్రీల సామర్థ్యం చాలకపోవడంతో 45 మిల్లీమీటర్ల మందం గల పలకను వేల టన్నుల ఒత్తిడి గల ప్రెస్సు కింద వంచి ఈ టరెట్ తీశారు. పక్కలు నున్నగా, మూలలు ఒకే ఒరవడిలో గుండ్రంగా ఉంటాయి. పోత గట్టు ఎక్కడా కనిపించదు. కప్పు పలకను విడిగా అతికిన ఆనవాలు చుట్టూ తెలుస్తుంది. ఇలాంటివి రెండు వేలకు పైగా తయారయ్యాయి. చెల్యాబిన్‌స్క్ ట్యాంకుల మీద ఎక్కువగా కనిపించేవి ఇవే. అంటే టరెట్ ఒక ఊరిది, ట్యాంకు బిగించింది ఇంకో ఊరు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, మళ్లీ ప్రస్తావిస్తాను.

1943 వేసవిలో కమాండర్ తల చుట్టూ చూడ్డానికి చిన్న గుమ్మటం తోడైంది. 1944లో 85 మి.మీ. ఫిరంగితో పెద్ద టరెట్ వచ్చింది. మొదట గోర్కీలో డీ-5టీ ఫిరంగితో కొన్ని వందల ట్యాంకులు చేశారు. తర్వాత అన్నిచోట్లా జిస్-ఎస్-53 ఫిరంగి స్థిరపడింది. ఫిరంగి మొదలు చుట్టూ ఉండే కవచపు తొడుగు చూసి ఈ రెంటినీ విడదీయవచ్చు.

హల్: అతుకు చెప్పే సాక్ష్యం

టరెట్ ఎత్తి మార్చవచ్చు. హల్, అంటే ట్యాంకు మొండెం, మారదు. కాబట్టి ఫ్యాక్టరీ నిర్ణయానికి హల్ సాక్ష్యమే బలమైనది. ఇందులో ప్రసిద్ధమైన గుర్తు స్టాలిన్‌గ్రాడ్‌ది. 1941-42 శీతాకాలం నుంచి అక్కడి హల్‌లలో ముందు వాలు పలక, పక్క పలకల అంచుల్లో పళ్లు కోసి, ఒకదానిలో ఒకటి ఇరికించి అతికేవారు. ముందు మూల దగ్గర ఆ పళ్ల వరుస మంచి ఫొటోలో తేటగా తెలుస్తుంది. మిగతా ఫ్యాక్టరీల్లో సాధారణంగా పలక అంచు ఇంకో పలకను తిన్నగా ఆనుకుని ఉంటుంది. స్టాలిన్‌గ్రాడ్‌కే చెందిన మరో గుర్తు, ఫిరంగి కింద వెనుదన్ను యంత్రాన్ని కప్పే తొడుగు. 1942లో దాన్ని వంపులు లేకుండా కోణాలుగా కోసిన పలకలతో, ముందుకు ఉలి మొనలా సాగేట్టు చేశారు. పళ్ల అతుకు, ఉలి మొన తొడుగు, పలకల టరెట్, రబ్బరు లేని చక్రాలు నాలుగూ కలిసి కనిపిస్తే 1942 వసంతం, వేసవి నాటి స్టాలిన్‌గ్రాడ్ ట్యాంకు అని ధీమాగా చెప్పవచ్చు.

గోర్కీ ట్యాంకులకు వేరే లక్షణాలున్నాయి. ట్యాంకు మీద కూర్చుని దాడికి వెళ్లే పదాతి సైనికులు పట్టుకోవడానికి హల్ పక్కనా టరెట్ చుట్టూ కడ్డీలు అతికారు. 1942లో ముందు పలక మీద, టరెట్ మీద అదనపు కవచపు పలకలు అతికిన ట్యాంకులు ఎక్కువగా ఈ ఫ్యాక్టరీవే. కడ్డీలు తర్వాత అన్నిచోట్లా వచ్చాయి కాబట్టి వాటి ఆకారం, పొడవు, అతికిన చోటు కూడా చూడాలి.

వెల్డింగ్ గీతకు విడిగా విలువ ఉంది. యెవ్‌గెనీ పాటన్ నడిపిన వెల్డింగ్ పరిశోధన సంస్థ కీవ్ నుంచి నిజ్నీ తగీల్‌కు తరలివచ్చి, పొడి కింద సాగే యంత్ర వెల్డింగ్‌ను ట్యాంకు హల్‌లకు అలవాటు చేసింది. అనుభవం లేని యువకార్మికులు, స్త్రీలు కూడా ఆ యంత్రంతో పొడవాటి అతుకును త్వరగా, బలంగా వేయగలిగారు. యంత్రం వేసిన గీత వెడల్పు, ఎత్తు మారకుండా నున్నగా సాగుతుంది. చేత్తో వేసింది అలలు అలలుగా, ఆగిన ప్రతిచోటా ముడి పడి ఉంటుంది. నంద్యాల ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకున్న కుర్రాడికి ఈ తేడా చెప్పనక్కర్లేదు, ఫొటో చూపిస్తే చాలు. ఇంజినీరింగ్ విద్యార్థులు ఈ రంగంలో చరిత్రకారులకు సాయపడగలరని నేను గట్టిగా నమ్ముతున్నది ఇందుకే. పోత, ప్రెస్సు, అతుకు అనే మూడు పనులు తెలిసిన కన్ను ట్యాంకును చదవగలదు.

ఈ కన్ను ఎలాంటిదో ఆళ్లగడ్డ వాసులకు తెలుసు. అక్కడి శిల్పశాలల్లో ఒకే ధ్యానశ్లోకం, ఒకే తాలమానం పాటించి చెక్కిన రెండు విగ్రహాలను పక్కపక్కన పెడితే, కిరీటం అంచు, ఆభరణాల లోతు, రాతి మీద చివరి ఉలి నడక చూసి అవి ఒకే చేతివా వేరు చేతులవా అని పనితెలిసినవాళ్లు చెబుతారు. కొలతలు శాస్త్రం ఇచ్చినవి, వాటిలో తేడా ఉండదు. తేడా చేతిలో ఉంటుంది. టీ-34లోనూ అంతే. కవచం వాలు, ఫిరంగి కొలత మొరొజోవ్ డ్రాయింగు ప్రకారమే ఉంటాయి. కొక్కెం, కడ్డీ, అతుకు, పోత గట్టు మాత్రం ఆ ఫ్యాక్టరీ చేతివాటం చెబుతాయి.

చక్రాలు: కనిపించినంత సులువు కాదు

కొత్తగా ఈ విద్య నేర్చేవాళ్లు మొదట చక్రాల వైపే చూస్తారు, ఎందుకంటే ఫొటోలో ముందు కనిపించేవి అవే. మొదటి ట్యాంకుల చక్రాలకు అంచున రబ్బరు ఉండేది. రబ్బరు కొరత వచ్చాక 1941-42 శీతాకాలం నుంచి అంచు మొత్తం ఉక్కుతో, రబ్బరు లోపలి భాగంలో మాత్రమే ఉండేలా చక్రాలు చేశారు. ఇవి నడిచేటప్పుడు విపరీతమైన మోత, అదురు. అందుకే దొరికినప్పుడు ముందు వెనుక చక్రాలకు రబ్బరువి, మధ్యలో ఉక్కువి బిగించేవారు. 1943లో రబ్బరు సరఫరా కుదుటపడ్డాక ఉక్కు అంచు చక్రాలు తగ్గిపోయాయి. ఇక గొలుసు పట్టాలు మొదట 550 మి.మీ. వెడల్పు ఉండి, 1942 నుంచి 500 మి.మీ.కు మారాయి.

ఇవన్నీ కాలాన్ని అంచనా వేయడానికి పనికొస్తాయి, ఫ్యాక్టరీని నిర్ణయించడానికి మాత్రం బలహీనమైన ఆధారాలు. చక్రం, పట్టా యుద్ధంలో తరచూ మార్చే భాగాలు. పక్కన పాడైపడి ఉన్న ట్యాంకు నుంచి ఊడదీసి బిగించుకోవడం మామూలే. హల్ వెనుక బిగించే పెట్టె ఆకారపు ఇంధనపు తొట్లు, 1943లో పక్కలకు వచ్చిన గుండ్రటి పీపాలు కూడా ఇదే కోవలోవి.

ఎక్కడ పొరపాటు జరుగుతోంది

మొదటి పొరపాటు, పేర్ల పొరపాటు. పాశ్చాత్య పుస్తకాలు చాలాకాలం టీ-34/76 ఏ, బీ, సీ అంటూ అక్షరాలతోనూ, తర్వాత 1940, 41, 42, 43 నమూనాలంటూ ఏళ్లతోనూ విభజించాయి. చదువరికి ఇది సులువు. కానీ ఫ్యాక్టరీల మధ్య ఉన్న తేడాను ఇది కాలంలో వచ్చిన తేడాగా చూపిస్తుంది. గోర్కీ పాత టరెట్ ఉదాహరణ పైన చెప్పాను. ఈ పేర్లను పూర్తిగా వదిలేయమని అనను. టరెట్ రకాన్ని సూచించే వాడుకమాటలుగా పనికొస్తాయి. తయారీ తేదీగా వాటిని రాయడం మానాలి.

రెండోది, 'ఫ్యాక్టరీ' అన్న మాటను ఒకే చోటుగా అర్థం చేసుకోవడం. స్టాలిన్‌గ్రాడ్ ట్రాక్టర్ ఫ్యాక్టరీకి హల్‌లు, టరెట్లు అదే నగరపు దక్షిణాన ఉన్న 264వ నంబరు ఫ్యాక్టరీ కూడా చేసి ఇచ్చేది. ఉరల్‌మాష్ తాను పూర్తి ట్యాంకులు మొదలుపెట్టక ముందే ఇతరులకు హల్‌లు, టరెట్లు పంపేది. నిజ్నీ తగీల్ తొలి ట్యాంకుల్లో మరియుపోల్, ఖార్కోవ్‌ల సరుకు ఉంది. కాబట్టి టరెట్ ఎక్కడిది, హల్ ఎక్కడిది, ట్యాంకుగా బిగించింది ఎక్కడ అన్న మూడు ప్రశ్నలకు మూడు జవాబులు ఉండవచ్చు. వాటిని ఒక్క పేరులో కలిపేస్తే సమాచారం పోతుంది.

మూడోది మరమ్మతు. దెబ్బతిన్న ట్యాంకును వెనక్కి లాగి, బాగుచేసి మళ్లీ యుద్ధానికి పంపడం సోవియట్ సైన్యానికి నిత్యకృత్యం. రెండు పాడైన ట్యాంకుల నుంచి ఒక మంచి ట్యాంకు తీసేవారు. ఒక ఫ్యాక్టరీ హల్ మీద వేరే ఫ్యాక్టరీ టరెట్, పాత హల్ మీద కొత్త టరెట్ అలా వచ్చినవే. యుద్ధం తర్వాత మరమ్మతుశాలల్లో చక్రాలు, దీపాలు, తొట్లు కొత్తరకానివి బిగించారు. అందుకే మ్యూజియంలో నిలబడ్డ ట్యాంకు కన్నా యుద్ధంలో తీసిన ఫొటోయే చాలాసార్లు మంచి సాక్షి. జర్మన్ సైనికులు తాము పడగొట్టిన ట్యాంకుల ముందు నిలబడి వేలాదిగా తీయించుకున్న ఫొటోలే ఈ పరిశోధనకు పెద్ద నిధి కావడం చరిత్ర వైచిత్రి.

నాలుగోది, యుద్ధం తర్వాతి ట్యాంకులను యుద్ధకాలానివిగా భ్రమించడం. 1950లలో పోలండ్, చెకోస్లోవేకియాలు టీ-34-85ను లైసెన్సు మీద తయారుచేశాయి. సినిమాల్లో, స్మారకాల్లో, సంపన్నుల సేకరణల్లో కనిపించే టీ-34లలో ఎన్నో అక్కడివి. లండన్‌లోని మాండెలా వే దగ్గర ఏళ్ల తరబడి రకరకాల రంగుల్లో నిలిచిన ట్యాంకు చెకోస్లోవేకియాలో చేసిందే. దాన్ని చూసి యుద్ధకాలపు సోవియట్ వెల్డింగ్ గురించి ఎవరైనా తీర్పు ఇస్తే అది చెల్లదు.

ఐదోది అన్నిటికన్నా తీవ్రమైనది: ఒక్క ట్యాంకును చూసి మొత్తం టీ-34 గురించి తీర్పు చెప్పడం. 1942లో సోవియట్ ప్రభుత్వం నిజ్నీ తగీల్ నుంచి ఒక టీ-34ను అమెరికాకు పంపింది. అబర్‌డీన్ పరీక్షాకేంద్రంలో అది 343 కిలోమీటర్లు నడిచి ఇంజన్ పాడై ఆగిపోయింది. గాలి వడపోత బాగాలేదని, గేరుపెట్టె మొరటుదని అమెరికన్లు రాశారు, ఆకారాన్నీ డీజిల్ ఇంజన్‌నూ మెచ్చుకున్నారు. ఆ విమర్శల్లో నిజం ఉంది. ఐతే దాని ఆధారంగా 1944 టీ-34ను గానీ, గోర్కీ టీ-34ను గానీ అంచనా వేయలేం. 1942లో హల్ పలకల్లో పగుళ్లు రావడం లాంటి సమస్యలు అన్ని ఫ్యాక్టరీల్లో, అన్ని నెలల్లో ఒకేలా లేవు. ట్యాంకు మంచిదా చెడ్డదా అన్న వాదానికి ముందు, ఏ ఫ్యాక్టరీ, ఏ కాలం అని అడగడం నేర్చుకోవాలి.

పరిశోధన ఎక్కడిదాకా వచ్చింది

సోవియట్ కాలంలో ఈ తేడాల మీద బహిరంగంగా రాసింది తక్కువ. పాశ్చాత్య దేశాల్లో స్టీవెన్ జలోగా వంటి రచయితలు దొరికిన ఫొటోలతో, పరిమితమైన పత్రాలతో మొదటి రూపురేఖలు గీశారు. 1990ల తర్వాత రష్యన్ ప్రభుత్వ పత్రాగారాలు తెరుచుకోవడంతో మాక్సిమ్ కొలొమీయెట్స్, యూరీ పాషొలోక్ లాంటి పరిశోధకులు ఫ్యాక్టరీ నివేదికలు, సైనిక తనిఖీదారుల ఉత్తరాలు, మార్పుల ఉత్తర్వులు చూసి రాయగలిగారు. పోలండ్‌కు చెందిన రాబర్ట్ మిహులెట్స్, మిరోస్లావ్ జెంతార్జెవ్‌స్కీల 'టీ-34: మిథికల్ వెపన్' అనే పెద్ద గ్రంథం ట్యాంకును ఫ్యాక్టరీల వారీగా విడదీసి చూపించి చాలామంది చూపునే మార్చింది.

ఇప్పుడు ఈ రంగంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి ఫొటోలు పోగుచేసి లక్షణాలను వర్గీకరించేది. రెండోది పత్రాల నుంచి మొదలుపెట్టి, ఫలానా మార్పు ఫలానా ఫ్యాక్టరీలో ఏ నెలలో అమలైందో రాబట్టేది. మొదటిదాని బలం విస్తృతి, లోపం తేదీ. రెండోదాని బలం తేదీ. కానీ ఉత్తర్వు వచ్చిన రోజే మార్పు జరిగిందని నమ్మడం దాని లోపం, ఎందుకంటే గోదాములో ఉన్న పాత భాగాలు అయిపోయేదాకా ఫ్యాక్టరీలు వాటినే వాడేవి. రెండూ కలిసినచోటే నమ్మదగిన ఫలితం వస్తుంది. టరెట్ల మీద ఉబ్బెత్తుగా పోసిన ఫౌండ్రీ అంకెలు, హల్ మీద కొట్టిన వరుస సంఖ్యలు ఈ రెండు పద్ధతులనూ కలిపే వంతెన. ఫిన్లండ్‌లోని పరోలా మ్యూజియంలో ఉన్నటువంటి, యుద్ధంలోనే పట్టుబడి తర్వాత పెద్దగా మారని ట్యాంకుల మీది అంకెలకు అందుకే అంత విలువ.

మిగతా సోవియట్ ట్యాంకుల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. కేవీ భారీ ట్యాంకు లెనిన్‌గ్రాడ్, చెల్యాబిన్‌స్క్‌లలో తయారైంది, అక్కడా పలకల టరెట్, పోత టరెట్ తేడాయే ప్రధానం. తేలిక ట్యాంకులు టీ-60, టీ-70లు గోర్కీ మోటారు ఫ్యాక్టరీ సహా కొన్ని ఫ్యాక్టరీల్లో వచ్చాయి. పద్ధతి అదే. టీ-34 అంత వైవిధ్యం మాత్రం వేటిలోనూ లేదు.

మన దగ్గర ఈ ప్రశ్న

సోవియట్ యుద్ధకథలు తెలుగువారికి కొత్త కాదు. విశాలాంధ్ర దుకాణాల ద్వారా మాస్కో ప్రచురణలు ఊరూరా చేరాయి. కడప జిల్లాకు చెందిన రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. ఆ పుస్తకాల ద్వారా వీరుల కథ మనకు చేరింది. ఫ్యాక్టరీ నేల మీద జరిగిన యుద్ధం కూడా మనకు చేరాల్సి ఉంది.

సోవియట్ డిజైన్ ట్యాంకులు మన సైన్యానికి దశాబ్దాలుగా వెన్నెముక. 1971 యుద్ధంలో మన టీ-55లు, పాకిస్తాన్ వాడిన చైనా టైప్-59లు దూరానికి ఒకే పోలికలో ఉండేవి, రెండింటి మూలం సోవియట్ టీ-54 కావడమే కారణం. తమ ట్యాంకును తామే కాల్చుకోకుండా మనవాళ్లు టీ-55 ఫిరంగి గొట్టం మధ్యలో పొగతీత తొడుగులా కనిపించే ఉత్తుత్తి తొడుగు బిగించారు. గుర్తింపు ప్రాణాలతో ముడిపడిన విషయమని దీనికన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ అక్కర్లేదు. టీ-55ను కూడా సోవియట్‌తో పాటు పోలండ్, చెకోస్లోవేకియాలు తయారుచేశాయి. ఇప్పుడు మన నగరాల కూడళ్లలో, సైనిక స్మారకాల దగ్గర టీ-55లు నిలబడి ఉన్నాయి. వాటి ముందు ఉండే ఫలకంలో మోడల్ పేరుతో పాటు ఏ దేశంలో, ఏ ఫ్యాక్టరీలో తయారైందో, ఏ రెజిమెంటులో పనిచేసిందో కూడా ఉండాలి.

ఇంకా దగ్గరి ఉదాహరణ సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఉంది. 1984లో ఏర్పడిన మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ సోవియట్ బీఎంపీ-2 పదాతి పోరాట వాహనాన్ని 'శరత్' పేరుతో తయారుచేసింది. 1987లో మొదటి వాహనాలు సోవియట్ భాగాలతో బిగించినవి. ఆ తర్వాత స్వదేశీ భాగాల వాటా పెరుగుతూ వచ్చింది. అంబులెన్సు, మోర్టారు వాహనం, నాగ్ క్షిపణి వాహనం లాంటి రూపాలు ఆ హల్ మీదే వచ్చాయి. 2021 నుంచి ఈ ఫ్యాక్టరీ ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కింద ఉంది. యుద్ధకాలపు టీ-34 పరిశోధకులు ఎనభై ఏళ్ల తర్వాత చిరిగిన ఫొటోల్లో వెతుక్కుంటున్న సమాచారం, అంటే ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ఏడాది ఏ అతుకు మారింది, ఎందుకు మారింది అన్నవి మన విషయంలో ఇంకా మనుషుల జ్ఞాపకంలో ఉన్నాయి. రహస్యం అక్కర్లేని పాత వివరాలను, రిటైరైన కార్మికుల అనుభవాలను నమోదు చేసే పని ఇప్పుడు మొదలుపెడితే సులువు. ఆ తరం వెళ్లిపోయాక ఎంత డబ్బు పెట్టినా దొరకదు.

చివరిగా, ఈ సమీక్ష నుంచి తేలే నియమాలు నాలుగు. ట్యాంకును గుర్తించేటప్పుడు హల్, టరెట్, బిగింపు మూడింటికీ విడివిడి జవాబు ఇవ్వాలి. మారని భాగాల సాక్ష్యానికి ఎక్కువ, మారే భాగాల సాక్ష్యానికి తక్కువ విలువ ఇవ్వాలి. కనీసం మూడు స్వతంత్రమైన గుర్తులు కలవనిదే ఫ్యాక్టరీ పేరు రాయకూడదు. కలవనప్పుడు 'బహుశా' అని నిజాయితీగా రాయాలి. వీటిలో ఏదీ ఖర్చుతో కూడిన పని కాదు. ఓపిక, పోత అతుకు తెలిసిన కన్ను ఉంటే చాలు. నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీల్లో మెకానికల్ చదివే విద్యార్థి తన ప్రాజెక్టుకు ఒక టీ-34 ఫొటో ఎంచుకుని ఈ నాలుగు నియమాల ప్రకారం నివేదిక రాస్తే, దాని మీద పనిచేసిన వేలమంది కార్మికుల్లో ఆ ఒక్క ఫ్యాక్టరీ వాళ్లనైనా పేరుపెట్టి చరిత్రలో నిలబెట్టినవాడవుతాడు.